భారతీయ భాషల్లో స్వేచ్ఛా విజ్ఞానం: తెలుగు కూర్చుకున్నది, ఒమన్‌లోని బర్కా దాకా చేరవలసినది

స్వేచ్ఛా విజ్ఞానం అంటే డబ్బు అడగని విజ్ఞానం మాత్రమే కాదు. ఎవరైనా చదవవచ్చు, నకలు తీసుకోవచ్చు, మార్చవచ్చు, మళ్ళీ పంచవచ్చు, చివరికి అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. బదులుగా మూలకర్త పేరు చెప్పాలి. కొన్ని లైసెన్సుల్లో కొత్త రూపాన్ని కూడా అవే షరతులతో విడుదల చెయ్యాలి. ఈ అనుమతులు రాతపూర్వకంగా ఉన్నప్పుడే అది స్వేచ్ఛా విజ్ఞానం అవుతుంది. వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల్లో తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు వేలల్లో తిరుగుతుంటాయి. అవి ఖర్చు లేకుండా దొరుకుతాయి, అంతే. రచయిత అనుమతి ఉండదు, పాఠం వెతకడానికి లొంగదు, ఎవరో ఫిర్యాదు చేస్తే మర్నాటికి మాయమవుతుంది. తెలుగులో ఇరవై ఏళ్ళుగా సాగుతున్న స్వేచ్ఛా విజ్ఞాన ప్రయత్నం పోటీ పడవలసింది ఇంగ్లీషుతో కన్నా ఈ అలవాటుతోనే.

ప్రపంచ స్థాయిలో ఈ ఆలోచనకు చట్టపరమైన రూపం ఇచ్చినవి 2002లో వెలువడ్డ క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. వికీపీడియా మొదట గ్నూ డాక్యుమెంటేషన్ లైసెన్సు కింద నడిచి, 2009లో క్రియేటివ్ కామన్స్‌కు మారింది. భారత ప్రభుత్వం 2013 ఆగస్టులో ప్రారంభించిన జాతీయ స్వేచ్ఛా విద్యావనరుల భాండాగారం కూడా ఈ లైసెన్సునే ఎంచుకుంది. స్వేచ్ఛా విద్యావనరుల మీద యునెస్కో సిఫారసు 2019 నవంబరులో వచ్చింది.

అచ్చు కాలపు పునాది

తెలుగులో విజ్ఞానాన్ని అందరి సొత్తు చెయ్యాలన్న తపన కంప్యూటర్లతో పుట్టలేదు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తక్కువ ధరకు అందించే పనికి పూనుకున్నారు. ఆ తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. వ్యాసాల్లో చాలా భాగం తానే రాసుకుంటూ, 1923లో కన్నుమూసేనాటికి అకారంతో మొదలయ్యే శీర్షికలనైనా దాటలేకపోయారు. ఆ పనిని తిరిగి చేపట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు కూడా 1938లో పోయారు. 1947లో ఏర్పడ్డ తెలుగు భాషా సమితి విషయాలవారీగా సంపుటాలు తెచ్చింది. ఆ సంస్థ తరువాత తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసింది. ఒక మహామనిషి భుజాల మీద నడిచిన ప్రతి సర్వస్వమూ ఆ మనిషితోనే ఆగిపోవడం, సంస్థల మీద నడిచినవి నిధులు తగ్గగానే కుంటుపడడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

దీని పక్కనే గ్రంథాలయోద్యమం ఉంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివారు ఊరూరా గ్రంథాలయం కోసం తిరిగారు. ఈ రోజు కంప్యూటర్ తెర మీద కనిపించే పాత తెలుగు పుస్తకాల్లో ఎన్నింటి మీదో ఇలాంటి గ్రంథాలయాల రబ్బరు ముద్రలు ఇంకా కనిపిస్తాయి.

లిపి తెర మీదికి

తెలుగు అంతర్జాలంలోకి వచ్చింది పరాయి దేశంలోనే. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ చర్చా వేదికల్లో రోమను అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. ఆ రాతను తెలుగు లిపిలోకి మార్చే పనిముట్టును హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారు చేశారు. అక్కడ పుట్టిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి వేళ్ళకు అలవాటై, ముప్పై ఏళ్ళ తరువాత కూడా చాలామంది టైపింగుకు అదే ఆధారంగా ఉంది. 1998లో ఈమాట పత్రిక అమెరికా నుంచి మొదలైంది. వాడపల్లి శేషతల్పశాయి, కాశీనాథుని శ్రీనివాస్ నడిపిన ఆంధ్రభారతి సాహిత్యాన్ని, ఆపైన నిఘంటువులను వెతకడానికి వీలుగా పెట్టింది. చికాగో విశ్వవిద్యాలయం బ్రౌన్ నిఘంటువును, గ్విన్ నిఘంటువును దక్షిణాసియా నిఘంటువుల సంకలనంలో చేర్చింది. ఒక తెలుగు మాటకు అర్థం కావాలంటే నేటికీ చాలామంది ముందు వెళ్ళేది ఈ రెండు చోట్లకే.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది. కానీ చోటు ఉండడం వేరు, వాడకం వేరు. తెలుగు దినపత్రికలు ఒక్కొక్కటీ తమ సొంత ఖతిని వాడేవి. ఒక పత్రిక పాఠాన్ని ఇంకో చోట అతికిస్తే గజిబిజి రోమను అక్షరాలు వచ్చేవి, వెతకడం అసాధ్యం. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే ఉపకరణాన్ని వెన్న నాగార్జున రాశారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఖతులను ఉచితంగా ఇచ్చారు. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చింది. 2006లో వీవెన్ చేసిన లేఖిని పేజీ రోమనులో కొట్టింది కొట్టినట్టే తెలుగై కనిపించేలా చేసింది. తెలుగు బ్లాగుల తొలి తరం దాదాపు అంతా ఆ పేజీ మీదే అక్షరాభ్యాసం చేసింది. బ్లాగులన్నిటినీ ఒక చోట చూపిన కూడలి కూడా ఆయనదే.

ఇన్ని జరిగినా ఒక చిక్కు వదల్లేదు. తెలుగు డీటీపీ కేంద్రాల్లో, ప్రచురణకర్తల దగ్గర అను అనే ఖతుల వాడకం పాతుకుపోయింది. అచ్చు పేజీ అందంగా వస్తుంది, కానీ ఆ ఫైలులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. మార్పిడి పరికరాలు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, గుణింతాలు ఎక్కడెక్కడో తప్పిపోతాయి, ఎవరో కూర్చుని మొదటి నుంచీ చదవాలి. ఒక రచయిత తన పుస్తకాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద ఇస్తానన్నప్పుడు చాలాసార్లు పని ఆగేది ఇక్కడే.

ఖతుల విషయంలో మాత్రం తెలుగు నిజంగానే సంపన్నమైంది. సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చొరవతో పురుషోత్తమ్ కుమార్ గుత్తుల తదితరులు రూపొందించిన మండలి, గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, తిమ్మన, ధూర్జటి లాంటి ఖతులు ఎస్‌ఐఎల్ స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చి, గూగుల్ ఫాంట్స్‌లో చేరాయి. పెళ్ళి శుభలేఖ నుంచి సినిమా పోస్టరు దాకా ఎవరైనా వాటిని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇక్కడ ప్రభుత్వ ధనం ఒక్కసారి ఖర్చైంది. దాని ఫలం అందరిదీ అయింది.

తెవికీ

తెలుగు వికీపీడియా, అంటే తెవికీ, 2003 డిసెంబరులో మొదలైంది. మొదలుపెట్టింది పద్మ రాసిన వెన్న నాగార్జునే. ఏడాదికి పైగా అది దాదాపు ఖాళీ ఇల్లే. 2005 తరువాత బ్లాగుల వాళ్ళు, ముఖ్యంగా అమెరికాలోనూ హైదరాబాదులోనూ ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రావడంతో ఊపిరి వచ్చింది. చర్చలు జరిగే పేజీకి రచ్చబండ అని, పొట్టి వ్యాసానికి మొలక అని పేర్లు పెట్టుకున్నారు. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు కట్టుకున్న చోటు కాబట్టేనేమో, తెవికీ మొదట చేసిన పెద్ద పని ఊళ్ళ గురించే. ఆంధ్రప్రదేశ్‌లోని జిల్లాలు, మండలాలు, గ్రామాలకు బాట్ల (తమంతట తామే పేజీలు రాసే ప్రోగ్రాముల) సాయంతో వేల పేజీలు సృష్టించారు. తరువాత 2011 జనగణన సమాచారాన్ని వాటిలో నింపారు. వీటిలో చాలా పేజీలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయన్న విమర్శ నిజమే. కానీ గల్ఫ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవాడు తన ఊరి పేజీ తెరిచి, చెరువు పేరు చేర్చడంతో వికీపీడియనుగా మారిన ఉదంతాలు కూడా వాటివల్లే.

రెండో పెద్ద అధ్యాయం యంత్రానువాదం. 2009 నుంచి రెండేళ్ళ పాటు గూగుల్ తన అనువాద పనిముట్టుతో, డబ్బులిచ్చి పెట్టుకున్న అనువాదకులతో తెలుగు, తమిళం, కన్నడం, బెంగాలీ తదితర వికీపీడియాల్లో వ్యాసాలు చేర్పించింది. పరిమాణం పెరిగింది, కానీ ఆ వాక్యాలు తెలుగువాళ్ళు చదవగలిగేవి కావు. ఇంగ్లీషు వాక్యం ఎముకలు బయటికి పొడుచుకు వచ్చి కనిపించేవి. అనువాదకులు వ్యాసం పెట్టి వెళ్ళిపోయేవారు, చర్చా పేజీలో అడిగితే జవాబు ఉండేది కాదు. బెంగాలీ, తమిళ వికీపీడియన్లు మొదట్లోనే గట్టిగా ఎదురు తిరిగారు. తెలుగులో కొంత కాలం సర్దుకుపోయి, ఏళ్ళ తరువాత దిద్దడానికి కూర్చుని, దిద్దలేక చాలావాటిని తొలగించారు. తొలగించడమే సరైన పని.

2019 తరువాత హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఇండిక్‌వికీ పేరుతో దత్తాంశాల నుంచి యాంత్రికంగా లక్షల సంఖ్యలో వ్యాసాలు తయారు చేసే ప్రతిపాదన తెచ్చినప్పుడు రచ్చబండలో ఆ పాత అనుభవమే ముందుకొచ్చింది. సముదాయం వ్యాసాల నాణ్యతను నమూనాలతో పరిశీలించి మాట్లాడింది. యంత్రం తయారు చేసిన దాన్ని చదివి దిద్దే మనుషులు ఎంతమంది ఉంటే అన్ని వ్యాసాలే చేర్చాలన్నది ఆ చర్చల్లో తేలిన వివేకం. వికీపీడియా సొంత అనువాద ఉపకరణం కూడా యంత్రానువాదాన్ని దిద్దకుండా ప్రచురించబోతే అడ్డుకుంటుంది.

సంస్థల పాత్ర ఆలస్యంగా వచ్చింది. వికీమీడియా ఇండియా చాప్టరు 2011లో బెంగళూరులో నమోదైంది. తొలి అధ్యక్షుడు తెలుగు వికీపీడియను చవల అర్జునరావు. బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2012 నుంచి భారతీయ భాషల వికీలకు నిధులు, శిక్షణ ఇచ్చింది. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలతో కలిసి విద్యార్థులతో రాయించింది. తరగతి గదిలో మార్కుల కోసం రాసిన విద్యార్థుల్లో సెమిస్టరు తరువాత నిలిచేవారు తక్కువ, అయినా నిలిచిన కొద్దిమందీ విలువైనవాళ్ళు. తెవికీ దశాబ్ది సభ 2014 ఫిబ్రవరిలో విజయవాడలోనూ, ఇరవై ఏళ్ళ సభ 2024 జనవరిలో విశాఖపట్నంలోనూ జరిగాయి. మధ్యలో 2023 ఏప్రిల్‌లో దేశంలోని వికీమీడియన్లంతా హైదరాబాదులో కలిశారు. ఇప్పుడు తెవికీ వ్యాసాల సంఖ్య లక్ష దాటింది. సినిమాలు, ఊళ్ళు, రాజకీయ నాయకుల గురించి విరివిగా ఉంది. వైద్యం, చట్టం, చేతివృత్తులు, సాంకేతిక విద్య గురించి పలుచన.

పాత పుస్తకాలకు కొత్త పాఠకులు

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉండగా పది లక్షల పుస్తకాలను స్కాన్ చెయ్యాలన్న ప్రాజెక్టును ముందుకు నడిపారు. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేల తెలుగు పుస్తకాలు, శిథిలమైపోతున్న పత్రికలు అందులోకి చేరాయి. పని తొందరలో జరిగింది. పేజీలు పోయాయి, అంచులు తెగాయి, పుస్తకాల పేర్లను రోమను లిపిలో తప్పుల తడకగా నమోదు చేశారు. పేరు ఎలా పాడైందో ఊహించగలిగినవాడికే పుస్తకం దొరికేది. తెలుగు వికీపీడియను పవన్ సంతోష్ 2014 ప్రాంతంలో వికీమీడియా ఫౌండేషన్ గ్రాంటుతో ఆ పుస్తకాల తెలుగు పట్టికను వికీపీడియాలో తయారు చెయ్యడం, పైకి చిన్నగా కనిపించినా, స్కానింగు అంత విలువైన పని.

కాపీరైటు ఫిర్యాదుల మధ్య 2017 నాటికి ఆ సర్వర్లు మూతపడ్డాయి. అంతకు ముందే అమెరికన్ కార్యకర్త కార్ల్ మలముద్ నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకలు చేయించారు. ఆ నకలు లేకపోతే ప్రభుత్వ ధనంతో జరిగిన స్కానింగులో అధికభాగం పాఠకులకు అందకుండా పోయేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల సంచికలను, తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణలను జాలంలో పెట్టాయి. మంచి పనులే. అయితే వీటిలో చాలావరకు బొమ్మల రూపంలో ఉన్న పేజీలు. కళ్ళతో చదవవచ్చు, మాట పట్టుకుని వెతకలేము, చూపులేనివారికి కంప్యూటరు చదివి వినిపించలేదు.

ఆ లోటు తీర్చే చోటు 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్. పాఠం ఎడమవైపు, స్కాను కుడివైపు. ఎవరూ దిద్దని పేజీ ఎర్రగా, ఒకరు దిద్దితే పసుపుగా, ఇంకొకరు సరిచూస్తే పచ్చగా మారుతుంది. తెలుగు అక్షరాలను బొమ్మ నుంచి గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ చాలా కాలం లేదు. రాకేశ్ ఆచంట, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ట్రెవర్ హేస్టీ 2015లో నాడీజాల పద్ధతులతో ఒక తెలుగు అక్షర గుర్తింపు వ్యవస్థను ప్రచురించారు. గూగుల్ గుర్తింపు సేవ కూడా ఆ రోజుల్లోనే వికీసోర్స్‌కు అందింది. ఇప్పుడు కొత్త పుస్తకంలో తప్పులు కొద్దిగానే వస్తాయి. 1910 నాటి అచ్చులో ప, వ, ష, ఘ ఒకదానికొకటి తారుమారవుతాయి. అరసున్న ఎగిరిపోతుంది, నకారపొల్లు ఇంకేదో అవుతుంది, బండిరాను సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టదు. పద్యంలో అలాంటి తప్పు ఛందస్సు తెలిసినవాడికే దొరుకుతుంది. అందుకే ఈ పనికి విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులంత పనికొచ్చేవారు మరొకరు లేరు. వాళ్ళలో చాలామందికి ఇలాంటి చోటు ఉందని చెప్పినవారే లేరు.

కాపీరైటు లెక్క

భారత కాపీరైటు చట్టం 1957 ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఈ గడువు మొదట 50 ఏళ్ళే, 1992లో పెంచారు. ఈ లెక్కన 1952లో పోయిన అడవి బాపిరాజు రచనలు 2013లోనూ, 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014లోనూ, 1960లో పోయిన చింతా దీక్షితులు రచనలు 2021లోనూ, 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022లోనూ, 1963లో పోయిన మల్లంపల్లి సోమశేఖరశర్మ రచనలు 2024లోనూ భారతదేశంలో అందరివీ అయ్యాయి. విశ్వనాథ సత్యనారాయణ రచనల కోసం 2037 దాకా, చలం కోసం 2040 దాకా, శ్రీశ్రీ కోసం 2044 దాకా ఆగాలి.

కథ అక్కడితో అయిపోదు. వికీమీడియా, ఇంటర్నెట్ ఆర్కైవ్ సర్వర్లు అమెరికాలో ఉన్నాయి. అక్కడ చాలా పాత రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్ళు లెక్క. కాబట్టి హైదరాబాదులో స్వేచ్ఛగా అచ్చువేసుకోగలిగిన 1949 నాటి పుస్తకం అమెరికా సర్వరులో పెట్టేవేళ ప్రశ్నార్థకం కావచ్చు. ఒమన్‌లో 2008 నాటి కాపీరైటు చట్టం రచయిత మరణానంతరం 70 ఏళ్ళ గడువు పెట్టింది. ఒకే పుస్తకం, మూడు దేశాల్లో మూడు స్థితులు. తెలుగువాళ్ళు ఇన్ని దేశాల్లో ఉన్నాక తెలుగు పుస్తకానికి హక్కుల చిక్కు తప్పదు. దానికి తేలికైన విరుగుడు బతికున్న రచయిత చేతిలోనే ఉంది. తానే లైసెన్సు ప్రకటిస్తే అది అన్ని దేశాల్లోనూ చెల్లుతుంది.

పక్క రాష్ట్రాలు చేసినది

ఇక్కడ తెలుగు ప్రభుత్వాలు చిన్నబోవాలి. తమిళనాడులో రచయితల వారసులకు డబ్బు చెల్లించి రచనలను జాతీయం చేసే సంప్రదాయం సుబ్రహ్మణ్య భారతి రచనలతో మొదలై దశాబ్దాలుగా సాగుతోంది. ఆ పుస్తకాల్లో రెండు వేలకు పైగా తమిళ వర్చువల్ అకాడమీ ద్వారా తమిళ వికీసోర్స్‌కు చేరాయి. స్వచ్ఛందంగా 1998లో మొదలైన మదురై ప్రాజెక్టు దానికి ముందుమాట. కేరళ ప్రభుత్వం తన మలయాళ సర్వవిజ్ఞానకోశాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద వదిలింది. మైసూరు విశ్వవిద్యాలయం 2014లో తన కన్నడ విశ్వకోశాన్ని, దానికి ముందు గోవా విశ్వవిద్యాలయం కొంకణి విశ్వకోశాన్ని క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చాయి. ఒక్క సంతకంతో వేల పేజీలు, పండితులు రాసినవి, వికీపీడియన్ల చేతికి వచ్చాయి. తెలుగు విశ్వవిద్యాలయం విజ్ఞాన సర్వస్వ సంపుటాలకు, తెలుగు అకాడమీ పదకోశాలకు, పాఠ్యగ్రంథాలకు ఆ సంతకమే కావాలి. పదకోశాలు ముఖ్యంగా. పారిభాషిక పదాలు అందరికీ అందకపోతే ప్రతి అనువాదకుడూ తన మాట తాను పుట్టించుకుంటాడు.

పిల్లల పుస్తకాల్లో దారి చూపినది ప్రథమ్ బుక్స్. 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో కథలన్నీ స్వేచ్ఛా లైసెన్సుతో ఉంటాయి, ఎవరైనా తెలుగులోకి అనువదించి, అచ్చువేసి బడిలో పంచవచ్చు. గోండి, కోయ వంటి భాషల్లో మాట్లాడే పిల్లలున్న తెలుగు రాష్ట్రాల్లో ఈ నమూనా తెలుగు కన్నా ఆ భాషలకు ఎక్కువ అవసరం.

బర్కా నుంచి చూస్తే

బర్కా ఒమన్‌లో మస్కట్‌కు పడమర, దక్షిణ బాతినా తీరంలోని పట్టణం. కోట, చేపల సంత, దగ్గరలో బైత్ నమాన్ అనే పాత భవనం, తీరం వెంట ఖర్జూర తోటలు. 18వ శతాబ్ది మధ్యలో అహ్మద్ బిన్ సయీద్ పారశీక సేన పట్టు వదిలించింది ఇక్కడే. నేటి ఒమన్ పాలకవంశం ఆయనదే. ఇప్పుడు విద్యుత్తు, సముద్రజల శుద్ధి కర్మాగారాలు, ఖజాయెన్ ఆర్థిక నగరం ఉన్నాయి. గల్ఫ్‌లోని ఇలాంటి పట్టణాలకు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి కార్మికులు, డ్రైవర్లు, ఇంటిపని చేసే స్త్రీలు వస్తారు. వీరిలో చాలామందికి చదవగలిగిన భాష తెలుగు ఒక్కటే. చేతిలో ఫోను ఉంది, సినిమా వివరం కావాలంటే తెవికీలో దొరుకుతుంది. కానీ వీళ్ళకు కావలసిన విజ్ఞానం వేరు.

ఒమన్ కొత్త కార్మిక చట్టం 2023 జులైలో 53వ రాజశాసనంగా వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలకు మించి పని చేయించకూడదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. 2021 జనవరి 1 నుంచి ఒప్పందం ముగిసిన కార్మికుడు పాత యజమాని నిరభ్యంతర పత్రం లేకుండానే కొత్త పనిలో చేరవచ్చు. ఈ మూడు సంగతులు తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ మధ్య తేడా నెల జీతమంత ఉండవచ్చు, ఒక్కోసారి ప్రాణమంత.

ఒమన్‌లో చట్టం అందని ఈ లోటును కొంత తీర్చిన ఉదాహరణ ఒకటి ఉంది. ఒమనీ న్యాయవేత్త రియాద్ అల్ బలూషీ మొదలుపెట్టిన డిక్రీ అనే జాలస్థలి రాజశాసనాలను ఇంగ్లీషులోకి అనువదించి ఉచితంగా అందరి ముందూ పెడుతోంది. అరబిక్ మాత్రమే అధికారిక పాఠం అయిన దేశంలో ఇది చిన్న మేలు కాదు. చట్టాలు, కోర్టు తీర్పుల మీద సాధారణంగా కాపీరైటు ఉండదు, ఒమన్ చట్టంలోనూ అంతే. భారత చట్టం 52వ సెక్షను కూడా, ప్రభుత్వం అనువదించి అందుబాటులో ఉంచని శాసనాన్ని భారతీయ భాషలోకి అనువదించడానికి అవకాశం ఇస్తుంది. కాబట్టి ఒమన్ కార్మిక చట్టం సారాన్ని, 1983 నాటి భారత వలస చట్టాన్ని, ఈ-మైగ్రేట్, మదద్ అనే భారత ప్రభుత్వ పోర్టళ్ళలో ఫిర్యాదు చేసే పద్ధతిని తెలుగులో, వికీబుక్స్‌లోనో వికీపీడియాలోనో, స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అరబిక్ తెలిసిన ఒక తెలుగువారు, న్యాయం తెలిసిన ఒకరు కలిస్తే కొద్ది వారాల పని. కివిక్స్ అనే ఉచిత అనువర్తనంలో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఫోనులోకి దించుకుని డేటా లేకుండానే చదువుకోవచ్చు. నెట్ పలుచగా ఉండే కార్మిక శిబిరాల్లో ఇది ఉపయోగపడుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊరి పేరును తెలుగులో చేర్చే వీలుంది. ఆసుపత్రి, భారత రాయబార కార్యాలయం, పోలీసు స్టేషను పేర్లు ఆ పటంలో తెలుగులో ఉంటే అడ్రసు అడిగేవాడికి సగం భయం తగ్గుతుంది.

యంత్రాలకు తెలుగు

ఇక యంత్రమేధ. భారత ప్రభుత్వం 2022 జులైలో ప్రారంభించిన భాషిణి, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం విడుదల చేసిన అనువాద నమూనాలు, దత్తాంశాలు తెలుగును కూడా కలుపుకున్నాయి. మొజిల్లా కామన్ వాయిస్‌లో ఎవరైనా తమ గొంతును హక్కులు వదులుకుని దానం చెయ్యవచ్చు. హైదరాబాదు నుంచి 2005 మొదలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తున్న స్వేచ్ఛ సంస్థ, విద్యార్థుల చేత తెలుగు కథలు పోగు చేయించి చందమామ కథలు పేరుతో ఒక చిన్న భాషా నమూనాకు పూనుకుంది. ఈ యంత్రాలన్నిటికీ మేత తెలుగు వికీపీడియా, వికీసోర్స్ లాంటి చోట్ల మనుషులు దిద్దిన పాఠమే. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పలుకులు అందులో తక్కువగా ఉంటే యంత్రానికీ అవి రావు. ఈ సంగతి మీద జరగవలసినంత చర్చ జరగడం లేదు.

రచయితలకు, వారసులకు

పనిముట్లు లేవన్న మాట ఇక చెల్లదు. కీబోర్డు ఉంది, ఖతి ఉంది, అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. కరువున్నది రెండింటికి: దిద్దే చేతులు, రాతపూర్వక అనుమతులు. కాపీరైటు చట్టం 21వ సెక్షను ప్రకారం రచయిత బహిరంగ ప్రకటనతో తన హక్కులను పూర్తిగా వదులుకోవచ్చు. అంత అక్కర్లేదనుకుంటే పుస్తకం రెండో పేజీలో క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 అని ఒక్క వాక్యం అచ్చువేస్తే చాలు. ముందే అచ్చయిన పుస్తకమైతే, హక్కుదారు వికీమీడియా అనుమతుల బృందానికి ఒక ఈమెయిలు రాస్తే సరిపోతుంది. "వ్యాపారానికి వాడకూడదు" అనే షరతు పెడితే వికీలు తీసుకోలేవు, ఆ మాట ముందే తెలుసుకోవడం మంచిది. ఇంట్లో తాతగారి అచ్చు పుస్తకాలు పెట్టెలో ఉన్నవారు, ఆయన ఏ సంవత్సరంలో పోయారో ఒకసారి లెక్క చూసుకోండి. 1965కు ముందే అయితే ఆ పుస్తకాలు భారతదేశంలో ఇప్పటికే అందరివీ. స్కాను చేయించి ఎక్కించడమే మిగిలింది.